ఊపిరి సంచి

తెల్లవారి డప్పు మోగగానే పదకొండు మంది పరుగువాళ్లు నాలుగో కోట గడప రాయిని తాకి ఎడారిలోకి దిగారు. పొద్దు బారెడెక్కేసరికి వాళ్లందరిలో బొప్పన ముందున్నాడు.

అది ఏడుకోటల పరుగు. వజ్రకూట రాజ్యంలో పన్నెండేళ్లకొకసారి జరుగుతుంది. పూర్వం ఆ వంశపు రాజులు నీళ్లు ఎండిపోయినప్పుడల్లా ఉన్న కోట వదిలి, మూడు ఆమడలు పడమటికి నడిచి, ఇంకో కోట కట్టుకున్నారు. అలా ఆరు కోటలు వదిలారు. ఏడో కోటలో ఇప్పుడు రాజున్నాడు. మిగతా ఆరింట్లో ఉడుములున్నాయి. రాజులు తరతరాలుగా నడిచిన ఆ దారిని ఆరు రోజుల్లో పరిగెత్తి, ఏడో కోట గంటను ముందుగా కొట్టినవాడు రాజును ఒక్క మాట అడగొచ్చు. రాజు కాదనడానికి వీల్లేదు.

షరతులు మూడే. పొద్దు గూకాక కోటలో ఉండాలి, రాత్రి బయట అడుగు పెట్టినవాడు పరుగులో లేనట్టే. దారిలో కూర్చున్నవాడూ లేనట్టే. మణికట్టుకు కట్టిన ఎర్రదారం తెంపుకున్నవాడూ లేనట్టే. ముప్పై ఒక్క మంది బయల్దేరితే మూడు రోజుల్లో ఇరవై మంది కూర్చున్నారు.

బొప్పన అడగబోయే మాట అక్క నాగసానిని వదిలిపెట్టమని. నాగసాని జలం చూసే మనిషి. నేలకు చెవి ఆనించి, ఎక్కడ తవ్వితే ఎన్ని బారల్లో నీళ్లు పడతాయో చెబుతుంది. రాజగురువు ఉదగ్రుడి మండపం ముందున్న పాత బావిలో పూడిక తీయాలని రాజు అనుకుని ఆమెను పిలిపించాడు. ఆమె బావిగట్టుకు చెవి ఆనించి లేచి, "దీంట్లో నీళ్లు లేవు సామీ. మనుషులుండారు. ఊపిరి తీస్తాండారు" అంది. పదిమంది విన్నారు. ఆ సాయంత్రమే రాజగురువు మాట మీద ఆమెకు సంకెళ్లు పడ్డాయి. పరుగు ముగిసిన రోజు పొద్దు గూకగానే ఆమెను ఆ బావిలోకే దించి పైన బండ మూయాలని తీర్పు.

బొప్పన నేరెళ్ల అంచెలో రాజుగారి టపా మోసేవాడు. అతనికి వెనకటి అంచె మైలారిది. మైలారి రెండు కోసులు మోసుకొచ్చిన సంచిని బొప్పన అందుకుని ఇంకో రెండు కోసులు మోస్తాడు. తొమ్మిదేళ్లుగా ఇదే పని. పరుగుకు మైలారి కూడా పేరు ఇచ్చాడు.

"నువ్వు గెలిస్తే మీ అక్కను అడుగు. నేను గెలిచినా మీ అక్కనే అడుగుతా" అన్నాడు మొదటి కోట దగ్గర. "ఇద్దరం ఓడిపోతే మాత్రం నీ గొర్రెలు నావి బావా. నన్ను ఊరికే ఆరు దినాలు ఎండలో తిప్పినందుకు."

"నా గొర్రెలు నీకంటే వేగంగా ఉరుకుతాయి. పట్టుకోలేవు" అన్నాడు బొప్పన.

అంచెవాళ్ల పద్ధతి ఒకటుంది. సంచి తెచ్చేవాడు కర్రకు కట్టిన గజ్జెలను రెండుసార్లు మోగించి, ఆగి, మళ్లీ ఒకసారి మోగిస్తాడు. ముందున్నవాడు ఆ మోత వినగానే వెనక్కి చూడకుండా పరుగందుకుంటాడు. ఎడమ చెయ్యి వెనక్కి చాస్తాడు. సంచి చేతిలో పడుతుంది. పడ్డాక దాన్ని నేల తాకనివ్వకూడదు. ఎవరిదని అడగకూడదు. విప్పకూడదు. ఇంకో అంచెవాడి చేతిలో పెట్టేదాకా దించకూడదు. వెనక్కి చూస్తే అడుగు తడబడుతుంది, తడబడితే టపా ఆలస్యమవుతుంది. అందుకని అంచెవాళ్ల పిల్లలకు మాటలు రాకముందే వెనక్కి చెయ్యి చాపడం నేర్పుతారు. పెద్దయ్యాక అది చెయ్యి తనంత తాను చేసే పని. నిద్రలో కూడా చేస్తుంది.

ఆ పొద్దున నాలుగో కోట దాటి ఒక కోసు వచ్చాక బొప్పన వెనుక గజ్జెలు మోగాయి. రెండు దెబ్బలు. ఆగి ఒకటి.

బొప్పన ఎడమ చెయ్యి వెనక్కి వెళ్లింది. సంచి చేతిలో పడింది. వేళ్లు మూసుకున్నాయి. ఆ తరవాతే అతనికి ఆలోచన వచ్చింది. ఇది టపా దారి కాదు. ఇక్కడ సంచి ఎక్కడిది?

ఇంకొకటి కూడా తోచింది. తొమ్మిదేళ్లలో మైలారి సంచి ఇచ్చిన ప్రతిసారీ అతని వేళ్లు తన వేళ్లకు తగిలేవి. ఈసారి తగల్లేదు. సంచి కర్ర కొస నుంచి జారి చేతిలో పడింది.

సంచి ఇచ్చినవాడు ఆగాలి. వీడు ఆగలేదు. కుడిపక్క నుంచి దాటి ముందుకు పోయాడు. అది మైలారి వీపు. మైలారి తలపాగా. మైలారి వంకర కాలిమడమ.

"ఏంరా ఇది? పరుగులో టపా తెచ్చినావా?" అన్నాడు బొప్పన.

అతను తల తిప్పలేదు. "దించకుము బొప్పనా. జాగ్రత్తగా మోసికొని రమ్ము" అన్నాడు. గొంతు మైలారిదే. మాట మైలారిది కాదు. మైలారి అతన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.

అతను అలా దూరమవుతుంటే బొప్పన పిక్కలు బిగుసుకోసాగాయి. ఇంకో కోసు పోయేసరికి రొప్పు వచ్చింది. మూడు రోజుల్లో రాని రొప్పు. నోరెండిపోయింది. సంచి చూస్తే అరచేతిలో పట్టేంత తోలు తిత్తి. బరువు లేదు. అయినా రెండు మూటలు మోస్తున్నవాడిలా అతని మోకాళ్లు వంగిపోతున్నాయి. ముందు మైలారి రూపం మాత్రం మొదటి రోజు మొదటి అడుగు వేసినట్టు పోతోంది.

రెండు కోటల మధ్య ఒకే ఒక చలిపందిరి ఉంది. కూలిన సుంకపు చావడిలో రెండు స్తంభాల మధ్య ఈతాకులు కప్పి, కింద ఆరు కుండలు పెట్టారు. దాన్ని చూసుకునేది ఓబుళవ్వ. మూడు పరుగులు చూసిన మనిషి. చేతి దోసిలి పట్టినన్ని నీళ్లు పోస్తుంది, అంతకు మించి పోయదు.

"పరిగెత్తి పాలు తాగేదానికంటే నిలబడి నీళ్లు తాగేది మేలంటారు" అంది ఓబుళవ్వ చెంబు వంచుతూ. "మీకు రెండూ రాకపాయె. యాడికి నాయనా అంత రొప్పు? కూచోవాకు. కూచుంటే పోతావు."

బొప్పన సంచిని చంకలో ఇరికించుకుని దోసిలి పట్టాడు. నీళ్లు గొంతు దిగాయి. దాహం తీరలేదు.

"నా ముందు ఒకడు పోయినాడు కదా అవ్వా. తాగినాడా?"

"లేదు. వద్దనె. నేను పోసినప్పటి నుంచీ నీళ్లు వద్దన్నోడు వాడొక్కడే." ఆమె చూపు అతని చంక మీద పడింది. "అదేంది?"

"సంచి. అంచె సంచి."

"తడిసిందేమి?"

బొప్పన చూశాడు. ఆ ఎండకు చెప్పు తోలు పెళుసెక్కి విరుగుతోంది. తిత్తి మాత్రం మెత్తగా, తడిగా ఉంది. పట్టుకుంటే వెచ్చగా ఉంది.

ఓబుళవ్వ చెంబును కొంగుతో తుడిచి తిత్తి కుట్టు దగ్గర పెట్టింది. చెంబు మీద ఆవిరి పట్టింది. పోయింది. మళ్లీ పట్టింది. మళ్లీ పోయింది. మనిషి ఊపిరి తీసి విడిచినట్టే.

ఆమె చెంబు దించింది.

"ఇరవై నాలుగేండ్ల కిందట ఒక సిపాయి ఇట్లాంటిదే తెచ్చినాడు" అంది. "ఇది ఊపిరి సంచప్పా. మంత్రగాడు ఎవరి ఒంట్లోనో దూరినప్పుడు ఆ ఒంటి ఊపిరిని దీంట్లోకి తోస్తాడంట. ఊపిరి బతికుండేదాకే ఒళ్లు పనికొస్తాది. ఇది నేల తాకితే ఆ మనిషి పోయినట్టే. అందుకే ఎవురో ఒకరు మొయ్యల్ల. చెయ్యి చాపి తీసుకున్నోడే మొయ్యల్ల."

"మోస్తే?"

"ఉరికేది వాడు. అలిసేది నువ్వు. వాని దప్పి నీకు, వాని కాలినొప్పి నీకు. ఆ సిపాయి ఇంతే చెప్పినాడు. చెప్పి, ఇంక నావల్ల కాదవ్వా అని అద్దో ఆ రాయి కాడ దించినాడు. ఏడో కోటలో దళవాయి ఆ పొద్దే నిలబడినోడు నిలబడినట్టే పడిపోయినాడంట."

బొప్పన రాయిని చూడలేదు. తిత్తిని చూశాడు. అందులో ఉన్నది ఎవరో అడగక్కర్లేదు. నీళ్లు వద్దన్నవాడు ఎవరో కూడా అడగక్కర్లేదు; అక్క విన్న ఊపిరులు ఎవరి మండపం ముందు బావిలో ఉన్నాయో అతనికి తెలుసు. మైలారి ఒంటితో గంట కొట్టి, ఉదగ్రుడు రాజును ఒక్క మాట అడుగుతాడు. గద్దె అడిగినా రాజు కాదనలేడు. నాగసాని బావిలోకి దిగుతుంది. దించితే మైలారి చస్తాడు. మోస్తే తాను ఓడిపోతాడు, అక్క చస్తుంది. అంచెవాడు సంచి దించడని తెలిసే వాడు తనకే ఇచ్చాడు. గజ్జెలు మోగిస్తే చాలు, వెర్రిబాగులవాడు చెయ్యి చాపుతాడని కూడా తెలుసు.

మరి వేళ్లెందుకు తగలనివ్వలేదు?

"అవ్వా, ఊపిరికి తన ఒళ్లు తగిలితే ఏమైతాది?"

"నాకేం తెలుసు? ఇల్లు కనపడితే గొడ్డు ఆగుతాదా?"

బొప్పనకు అంత చాలు. వాడు కర్ర కొసతో ఇచ్చాడంటే మైలారి ఒంటికి ఆ తిత్తి తగలడమే వాడి భయం. పట్టుకోవాలి. తాకించాలి. కాని వాడు అలసిపోడు. తాను ఇద్దరి అలసట మోస్తున్నాడు. దారిన పోతే ఈ జన్మలో పట్టుకోలేడు.

దారి చలిపందిరి నుంచి గుర్రాలపేట గోడ చుట్టూ తిరిగి పోతుంది. నాలుగో కోట రాజులు గుర్రాలను ఉంచిన ఊరు అది. ఊరు పోయింది, గోడ ఉంది. నాలుగు బారల ఎత్తు, ఎక్కడా ఎక్కడానికి పట్టులేదు. గవను వాకిళ్లు రాళ్లతో మూసేశారు. చుట్టు తిరిగితే మూడు కోసులు. అయితే ఆ గుర్రాలకు నీళ్లు ఎక్కణ్ణుంచో రావాలి కదా. నాగసాని ఆ మాట చాలాసార్లు అనేది. "గోడ కట్టినోడు నీళ్లకు కంత పెట్టకుండా కట్టడురా. చలిపందిరి ఎనకాల పాత కాలవ ఉండాది. అది గోడ కిందికి దూరి, ఊరి నడుమన పారి, అవతల గోడ కింద తేలుతాది. అర కోసు."

బొప్పన తలగుడ్డ చించి, పరుగులోనూ వెంట తెచ్చుకున్న తన అంచె కర్ర గజ్జెల్లో కుక్కాడు. కర్ర విదిలించి చూశాడు. చప్పుడు లేదు.

"అవ్వా, ఆ కాలవ యాడుంది?"

"తేళ్లుంటాయప్పా."

"ఉండనీలే."

కాలవలో మోకాలి లోతు ఇసుక. గోడ కింద తూము రెండడుగుల ఎత్తు. బొప్పన తిత్తి తాడును పళ్లతో పట్టుకుని, కర్ర ముందుకు తోస్తూ, మోచేతుల మీద పాకాడు. లోపల చల్లగా ఉంది. మొదటి ఇరవై అడుగులు ఏమీ కాలేదు. ఆ తరవాత పైన ఎక్కడో గోడ చుట్టూ ఉదగ్రుడు వేగం పెంచాడు. ఆ సంగతి బొప్పనకు తొడల్లో తెలిసింది. కండరాలు మెలిపడ్డాయి. మొహం ఇసుకలోకి వాలింది. నేలకు బెత్తెడు పైన తిత్తి వేలాడుతోంది. అతను తల ఎత్తలేకపోయాడు. గడ్డం కింద పిడికిలి పెట్టి తలను దాని మీద నిలబెట్టాడు. చేతి మీదికి ఏదో పాకింది. కాళ్లు లెక్కపెట్టలేదు. కుట్టింది. మోచెయ్యి దాకా మంట వచ్చింది. అతను నోరు తెరవలేదు. తెరిస్తే మైలారి పోతాడు.

ఊరి నడుమ కాలవకు కప్పు లేదు. గుర్రాల తొట్లు వరసగా ఉన్నాయి. ప్రతి తొట్టి మీదా గుర్రం పేరు చెక్కి ఉంది. బొప్పన తొట్టికీ తొట్టికీ చెయ్యి ఆనించుకుంటూ నడిచాడు. కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు. రెండో తూములో దూరి అవతల వెలుగు కనిపించేదాకా పాకాడు.

బయట ముళ్లకంప ఉంది. దాని వెనక నిలబడి దారి చూశాడు. దారి మీద అడుగుల జాడ లేదు. ఇంకా రాలేదన్నమాట. కుట్టిన చెయ్యి వాచి కుడి వేళ్లు ముడవడం లేదు. తిత్తిని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. కర్రను కుడి చంకలో పెట్టి, గజ్జెల్లోని గుడ్డను పళ్లతో లాగాడు.

మైలారి ఒళ్లు గోడ మలుపు తిరిగి వచ్చింది. చెమట లేదు. కళ్లు రెప్ప వేయడం లేదు. కంపను దాటి పదడుగులు పోయాక బొప్పన దారిలోకి దిగి వెంటపడ్డాడు. దిగీ దిగగానే కాళ్లు ఎదురు తిరిగాయి. వాడి ప్రతి అడుగూ తన పిక్క మీదే పడుతోంది. పదడుగులు పదిహేనయ్యాయి. ఇరవై అయ్యాయి. ఇంక పట్టలేడు. పరిగెత్తి పట్టలేడు.

బొప్పన కర్ర విదిలించాడు. రెండు దెబ్బలు. ఆగి ఒకటి.

ముందున్నవాడి అడుగు తగ్గింది. మంత్రం ఉదగ్రుడిది. ఒళ్లు మైలారిది. ఆ ఒంటికి మాటలు రాకముందు నేర్పిన పని ఒకటుంది. ఎడమ చెయ్యి వెనక్కి వచ్చింది, వేళ్లు విచ్చుకున్నాయి. సంచి ఇచ్చేవాడి కోసం నడక దానంతట అది నెమ్మదించింది.

"వలదు" అంది నోరు. చెయ్యి వినలేదు.

బొప్పన చివరి నాలుగడుగులు ఎలా వేశాడో అతనికే తెలియదు. తిత్తిని ఆ అరచేతిలో పెట్టాడు. వేళ్లకు వేళ్లు తగిలాయి.

తిత్తి ఒక్కసారి చదునైపోయింది. మైలారి ఒంటికి చెమట పట్టింది, పొద్దుటి నుంచి పట్టని చెమటంతా ఒక్క క్షణంలో. మోకాళ్లు వంగాయి. అదే క్షణంలో చదునైన తిత్తి మళ్లీ ఉబ్బి, పట్టు తప్పిన వేళ్ల మధ్య నుంచి జారింది. బొప్పన వాచిన చెయ్యి దానంతటదే కిందికి పోయింది. నేలకు జానెడు పైన దాన్ని అరచేతిలో ఆపుకుంది. ఎందుకు పట్టుకున్నాడంటే చెప్పలేడు. సంచి నేల తాకకూడదు, అంతే.

మైలారి దారి మధ్య కూర్చున్నాడు. కళ్లు రెప్ప వేశాయి.

"బావా" అన్నాడు.

బొప్పన రొప్పుతూ అతని పక్కన నిలబడ్డాడు.

"కూచున్నా కదా నేను" అన్నాడు మైలారి. "పోయింది నా పరుగు. నీ గొర్రెలు కూడా పోయినట్టే."

"అవి యాడికీ పోవులే. ఏమైంది చెప్పు."

"రాత్రి కోటలో పాదాలకు నూనె రాసినోడు ఉదగ్రుని శిష్యుడు. నూనెలో ఏముందో, కాలు చెయ్యి ఆడలా. చెవులు మాత్రం ఇనపడతాండాయి. ఉదగ్రుడు వచ్చి నా పక్కనే నిలబడి వానికి చెప్పినాడు. ఒళ్లు వదిలిపెట్టి ఒక పగటికంటే ఉండరాదంట. ఏ పూట పొద్దు గూకినాక తాను లేవకపోయినా ఏదో ద్రోహం జరిగినట్టని, గుర్రం మీద ఏడో కోటకు పోయి, మరునాడు పొద్దు గూకేలోపల మీ అక్కను బావిలో దించి బండ మూసెయ్యమని." మైలారి తిత్తి వంక చూశాడు. "వాడు దాంట్లో ఉండాడు కదా?"

బొప్పన తిత్తిని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అక్క నేలకు చెవి ఆనించినట్టు. లోపల ఊపిరి వేగంగా ఆడుతోంది.

"ఉండాడు."

"ఈ పూట వాడు లేవడు. అంటే రేపు పొద్దు గూకేలోపల."

ఇద్దరూ పడమటికి చూశారు. ఐదో కోట బురుజు ఎండలో ఊగుతోంది. దాని వెనక ఆరోది, దాని వెనక ఏడోది. ఏడున్నర ఆమడలు. పరుగు లెక్కన ఇంకా రెండున్నర రోజులు. ఉన్నది ఒక రాత్రి, ఒకటిన్నర పగలు.

"రాత్రి ఉరకాల్సి వస్తాది" అన్నాడు మైలారి. "ఐదో కోట దాటి రాత్రిపూట అడుగు పెడితే నువ్వు పరుగులో ఉండవు. గంట కొట్టినా ఒక్క మాట రాదు. రాజు నీ మొగం చూడడు."

"మాట ఎందుకు? వాని ఊపిరి నా చేతిలో ఉంటే వాని శిష్యులే అక్కను విడిపిస్తారు. వాడు లెయ్యాలంటే నాతో పని ఉండాది."

"లేచినాక?"

"లేచినాక సంగతి ఆడ చూస్తా."

బొప్పన మణికట్టు మీది ఎర్రదారాన్ని పళ్లతో తెంపి ఇసుకలో వేశాడు. ఏడుకోటల పరుగులో ముందున్నవాడు ఆ క్షణం నుంచి పరుగులో లేడు.

తిత్తి లోపల నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. "బొప్పనా. దించుము. నీ అక్కను నేనే విడిపించెదను."

"ఇది మాట్లాడతాది కూడానా" అన్నాడు మైలారి. "రేపటి దాకా దీన్ని ఇనుకుంటా పోవల్ల నువ్వు."

"నీ మాటలు తొమ్మిదేండ్లు ఇన్నాను కదా."

మైలారి చెయ్యి చాపాడు. "ఇట్లా ఇయ్యి దాన్ని. నువ్వు కింద నుంచి ఎత్తుకున్న సంచి అది. అట్లా పోకూడదు. నేను ఇస్తా. తిరుగు."

బొప్పన తిత్తిని అతని చేతిలో పెట్టి, వీపు తిప్పి, పడమటికి మొహం పెట్టి నిలబడ్డాడు. వెనుక గజ్జెలు మోగాయి. రెండు దెబ్బలు. ఆగి ఒకటి. బొప్పన కదిలాడు. ఎడమ చెయ్యి వెనక్కి చాచాడు. తిత్తి పడింది. వేళ్లకు వేళ్లు తగిలాయి.

అతను వెనక్కి చూడలేదు.